తేనెపట్టు రేడియేటరు

వరుసగా మూడో ఏడాది కూడా మా పాత కారు ట్రక్కు మీదే ఇంటికి వచ్చింది. ఏటా మార్చిలో ఒక ఆదివారం పొద్దున ఇక్కడ సింగపూరులో పాత కార్లవాళ్ళంతా క్రాంజీలో కలుస్తారు. అక్కణ్ణుంచి ఒకరి వెనక ఒకరు జురాంగ్ ఈస్ట్ దాకా నడుపుకుని వెళ్ళి, ఒక కార్ పార్కులో బండ్లు నిలబెట్టి, కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటారు. అది పందెమేమీ కాదు. అందరూ చేరతారు, మేము తప్ప. మొదటి ఏడు చువా చూ కాంగ్ దగ్గర, రెండో ఏడు యూ టీ దాటకుండానే, మూడో ఏడు బుకిట్ బాటొక్ ఎత్తు మీద రేడియేటరు మరిగి ఆవిరి చిమ్మింది. ఆ మూడోసారి మూత తీయబోయి మా ఆయన కుడి మణికట్టు కాల్చుకున్నారు.

ఆ కారు పందొమ్మిది వందల ఇరవైలలో ఇంగ్లండులో తయారైంది. మలేసియాలోని పెరాక్‌లో మా మామగారు ఎస్టేటు దొరకు డ్రైవరుగా ఉన్నప్పుడు దాన్ని నడిపారు. దొర వెళ్ళిపోతూ, పాడైన బండిని ఆయనకు వదిలేశాడు. మా ఆయన దక్షిణానికి వచ్చి సింగపూరులో స్థిరపడిన చాలా ఏళ్ళకు దాన్నీ తెచ్చుకున్నాం. మేముండే యూ టీ ఫ్లాటు కింద అలాంటి బండిని పెట్టుకోవడం కుదరదు. క్రాంజీలో కూరగాయల తోట ఉన్న ఒక స్నేహితుడి షెడ్డులో ఉంచాం.

మా ఆయనకు అప్పటికి డెబ్బై తొమ్మిది. కళ్ళలో నీటి ఒత్తిడి వల్ల పక్కచూపు ఏడాదికింత తగ్గుతూ వస్తోంది. ఇప్పటికి పరవాలేదు గానీ, లైసెన్సు మళ్ళీ రాయించుకోవడానికి వస్తే తాను సంతకం పెట్టనని కళ్ళ డాక్టరు నెమ్మదిగానే చెప్పేశాడు. లైసెన్సు ఏప్రిల్‌లో ముగుస్తుంది. అంటే రాబోయే మార్చి ప్రయాణమే ఆయనకు ఆఖరుది. వాళ్ళ నాన్న నడిపిన బండిని ఒక్కసారి తన చేత్తో జురాంగ్ ఈస్ట్ దాకా చేర్చాలన్నది ఆయన కోరిక. అంతకు మించి ఆ ఏడు ఆయన ఏమీ అడగలేదు.

మా అమ్మాయి బ్యాంకులో పని చేస్తుంది, నలభై దాటింది, ఖచ్చితం నా పోలిక. కాలిన మణికట్టుకు కట్టు మారుస్తూ షరతు పెట్టింది, ఇక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలించి.

"డాడీ, వన్ మోర్ టైమ్ మరిగితే దట్స్ ఇట్. ప్రాక్టీసులో మరిగినా సరే. నేనే ఫోన్ చేసి మన పేరు తీయించేస్తా. ఓకే లా?"

"ఓకే" అన్నారాయన. ఇంకేమంటారు.

అప్పుడు నేను కలగజేసుకున్నాను. పెళ్ళికి ముందు నుంచి రిటైరయ్యే దాకా నేను జురాంగ్‌లో ఒక ఫ్యాక్టరీలో పని చేశాను. ఫ్రిజ్‌లకూ ఏసీలకూ రాగి గొట్టాల చుట్టలు చేసేవాళ్ళు. వాటిలో వేడినీళ్ళు పంపి, ఎంత వేడి లోపలికి పోయింది, ఎంత బయటికొచ్చింది అని కొలవడం నా పని. కారు గురించి నాకేమీ తెలియదు. కానీ వేడి ఎటు పోతోందో కొలవడం వచ్చు. మూడేళ్ళుగా మా ఆయనా, ఆయన స్నేహితులూ ఆ కారుకు చేసినదంతా ఊహించి చేసిందే. ఒకరోజే నాలుగు మార్పులు చేసేవాళ్ళు. బాగైతే దేనివల్లో తెలియదు, పాడైతే దేనివల్లో తెలియదు.

"ఇక నుంచి ఒకసారికి ఒకటే మార్పు" అన్నాను. "ఒకే దారి, పొద్దున ఒకే వేళ, బండిలో మనిద్దరమే. నాకు చెప్పకుండా ఒక్క మర కూడా తిప్పకూడదు."

"ఫ్యాక్టరీ మొదలెట్టీసింది మీ అమ్మ" అన్నారు కూతురితో. "గేటు కాడ కార్డు కొట్టి రావాలి కాబోలు."

"మీరు రోజూ లేటేగా, కార్డు కొట్టినా జీతం కోసేదాన్ని" అన్నాను.

ముందు ఒక రేడియేటరు షాపుకు తీసుకెళ్ళి చూపించాం. షాపాయన మా వయసువాడే, చైనీయుడు. ఆ రేడియేటరు ఇప్పటివాటిలా ఉండదు. ముందు నుంచి చూస్తే తేనెపట్టే, వందల కొద్దీ ఇత్తడి గదులు. గదుల్లోంచి గాలి పోతుంది, గది గోడల మధ్య సన్నటి సందుల్లో నీళ్ళు దిగుతాయి. నీళ్ళను తోసే పంపు ఉండదు. ఇంజను దగ్గర వేడెక్కిన నీరు తేలికై పైకి వెళ్తుంది, రేడియేటరులో చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది. ఆ తిరుగుడు దానంతటది జరగాలి. షాపాయన వేలితో ఇత్తడి మీద కొట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఆంటీ, దిస్ వన్ సుడా మాతి. ఆల్రెడీ డెడ్. కట్ అవుట్, పుట్ న్యూ కోర్. వెరీ ఈజీ."

మా ఆయన బండి వెనక్కి తీసేశారు. ఆ తేనెపట్టును మా మామగారు తన చేత్తో మాటువేసిన చోట్లు ఇంకా కనిపిస్తాయి. "అది కోసీసి పారేస్తే ఇంకేటి మిగిలింది" అన్నారు దారిలో. "సీట్లా?"

నవంబరులో పరీక్షలు మొదలుపెట్టాం. పైగొట్టంలో ఒక వైరు, కిందిగొట్టంలో ఒకటి, బయట గాలికి ఒకటి. మూడూ నా ఒళ్ళో ఉన్న చిన్న డబ్బాకు కలుస్తాయి, అంకెలు అందులో కనిపిస్తాయి. ఆ అంకెలు మా ఆయనకు కనపడవు. ఎదురుగా రోడ్డు మీంచి చూపు తిప్పొద్దని డాక్టరు చెప్పాడు కూడా. అందుకని నేనే పైకి చదువుతాను.

పైనీటి వేడి ఒక్కటే చూస్తే మోసపోతాం. ఎండ రోజున ఎక్కువా, మబ్బు రోజున తక్కువా ఉంటుంది. అందులోంచి గాలి వేడి తీసేయాలి. మొదటి రోజు గాలి ముప్పై ఒకటి, పైనీరు తొంభై రెండు. తేడా అరవై ఒకటి. ఆ అంకెను ఎంత తగ్గించగలమన్నదే మా పని.

రెండో వారం ఇంజనులో నిప్పురవ్వ పడే సమయాన్ని కాస్త ముందుకు జరిపాం. తేడా యాభై ఎనిమిది అయింది. తర్వాత ఫ్యాను తోలుబెల్టు బిగించాం. ఆ పైన నేను బిస్కెట్ల డబ్బా రేకు కత్తిరించి ఫ్యాను చుట్టూ కట్టాను. ఫ్యాక్టరీలో అలాంటి గూడు లేకుండా ఫ్యాను పెట్టేవాళ్ళం కాదు, గాలి పక్కలకు పారిపోతుంది. తేడా యాభై నాలుగుకు దిగింది. ఆ రోజు క్రాంజీలో వర్కర్ల డార్మిటరీ పక్కనున్న క్యాంటీనులో మా ఆయన పరాటా, చేపల పులుసు తిని, నాకు కూడా అడగకుండానే టీ చెప్పారు. డిసెంబరు దాటాక కూడా అలాగే సాగుతుందనుకున్నాను.

సాగలేదు. జనవరి మొదటి శనివారం ఏ మార్పూ చేయకుండా అదే దారిలో వెళ్ళాం. వచ్చిన అంకె నిజమో కాదో తేల్చుకోవాలంటే మళ్ళీ కొలవాలి. తేడా యాభై ఏడు. వైరు సరిగా గుచ్చలేదనుకుని మార్చాను. మరుసటి వారం అరవై. వైర్లను ఇంట్లో మరిగే నీళ్ళలో పెట్టి చూశాను, మూడూ నూరే చూపించాయి. తప్పు వైర్లది కాదు. ఆ తర్వాతి వారం అరవై రెండు. ఆ రోజు పైనీరు తొంభై నాలుగుకు వెళ్ళింది. ఇంకో అయిదారు డిగ్రీలు పెరిగితే మరుగుతుంది. మరిగితే అమ్మాయి ఫోన్ చేస్తుంది.

"ఎంత?" అన్నారాయన.

"తొంభై నాలుగు."

"తగ్గుద్ది."

"దేనివల్ల తగ్గుతుంది?"

ఆయన బండిని మెల్లగా తోట రోడ్డులోకి తిప్పారు. అంకె తొంభై అయిదు చూసి ఆగింది.

నాకు ఆ వారమంతా నిద్ర సరిగా లేదు. ఏదో మారుతోంది, ఏమిటో తెలియడం లేదు. మేము ఏమీ మార్చకుండానే ఒక వస్తువు వారం వారం పాడవడం ఫ్యాక్టరీలో చూశాను గానీ, ఇంత వేగంగా చూడలేదు. మంగళవారం వంటింట్లో పెసరట్టు వేస్తూండగా తట్టింది. నేను పైగొట్టం అంకెనే పట్టుకుని కూర్చున్నాను. కిందిగొట్టం అంకె కూడా రాసుకున్నాను గదా. స్టవ్వు ఆర్పి కాగితాలు ముందేసుకున్నాను. మొదటి రోజుల్లో పైకీ కిందికీ మధ్య ఇరవై రెండు డిగ్రీల తేడా. జనవరి చివరికి ముప్పై ఎనిమిది. అంటే నీరు రేడియేటరులో బాగా చల్లబడుతోంది. చల్లబడుతోంది ఎందుకంటే నెమ్మదిగా దిగుతోంది. నెమ్మదిగా దిగుతోంది ఎందుకంటే దారి మూసుకుపోతోంది.

"లోపల ఏదో పేరుకుంటోంది" అన్నాను ఆయనతో.

"తుప్పు" అన్నారు వెంటనే. "వందేళ్ళ ఇనుము."

"తుప్పయితే నాలుగు వారాల్లో ఇంత పేరుకోదు."

"ఏమో, నాకేటి తెలుసు" అని టీవీ వైపు తిరిగారు. ఆయన కారు గురించి 'నాకేటి తెలుసు' అనడం పెళ్ళయ్యాక నేను వినడం అదే మొదలు. అయినా అప్పుడు పట్టించుకోలేదు.

శనివారం రేడియేటరు కడగాలని నిర్ణయించాను. బట్టల సోడా కలిపిన వేడినీళ్ళు కింది నుంచి పైకి పంపాలి. మామూలుగా నీరు పోయే దిక్కుకు ఎదురుగా పంపితేనే పేరుకున్నది ఊడుతుంది. మా ఆయన వద్దన్నారు. సోడా ఇత్తడిని తినేస్తుందన్నారు. ఎక్కువసేపు ఉంచనని చెప్పాను. నడుం నొప్పి అన్నారు. నేను చేస్తాను, మీరు కూర్చోండన్నాను. అమ్మాయి కూడా వచ్చింది. వస్తూ హాకర్ సెంటర్ తిండి అంగళ్ళ నుంచి ఐస్ లైమ్ జ్యూసు మూడు గ్లాసులు పట్టుకొచ్చింది.

షెడ్డు ముందు తెల్లటి ప్లాస్టిక్ తొట్టి పెట్టి నీళ్ళు వదిలాను. మొదట మామూలుగా మురికి నీళ్ళే వచ్చాయి. తర్వాత ఎర్రగా రావడం మొదలైంది. చూస్తుండగానే తొట్టి అంతా చిక్కటి ఎరుపు.

"ఐయో, సో మచ్ రస్ట్" అంది అమ్మాయి.

"సెప్పాను గదా" అన్నారు మా ఆయన. "తుప్పే."

నేను తొట్టి దగ్గర వంగి చూశాను. తుప్పునీరు గోధుమరంగులో ఉంటుంది, అడుగున ఇసుకలా దిగుతుంది. ఇది దిగడం లేదు. ఆ ఎరుపు నాకు బాగా తెలిసిన ఎరుపు. పెళ్ళికొడుకు గుమ్మంలోకి రాగానే, బాలింత ఇంటికి రాగానే, పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి చిటికెడు సున్నం వేస్తాం. దిష్టి తీసే ఎర్రనీళ్ళు. మా అత్తగారి తర్వాత మా ఇంట్లో కలిపేది నేనే. సున్నం చేసే పనే సోడా కూడా చేస్తుంది.

అమ్మాయి చేతిలోంచి లైమ్ జ్యూసు గ్లాసు తీసుకుని, ఒక మగ్గుడు ఎర్రనీళ్ళలో ఒంపాను. అది నురగ కట్టి, ఎరుపు విరిగి, పసుపుపచ్చగా మారిపోయింది. తుప్పయితే నిమ్మరసానికి పసుపుపచ్చ అవదు.

మగ్గు తీసుకెళ్ళి మా ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని చూడలేదు. చెట్ల వైపు చూస్తూ కూర్చున్నారు.

"ఎన్నిసార్లు వేశారు?" అన్నాను.

"ఏంటి వేయడం?" అంది అమ్మాయి. "మీ ఇద్దరూ ఏం మాట్లాడుతున్నారు?"

"రేడియేటరులో పసుపు" అన్నాను.

ఎస్టేటు డ్రైవర్లందరికీ తెలిసిన కిటుకు అది. రేడియేటరు కారుతుంటే గుప్పెడు పసుపు పోస్తారు. అది నీళ్ళతో తిరిగి తిరిగి, ఉబ్బి, చిల్లు దగ్గర చేరి మూసేస్తుంది. మా మామగారు డ్యాష్‌బోర్డు కింద ఎప్పుడూ ఒక పొట్లం ఉంచేవారు. అడవిదారిలో ఇంటికి చేరడానికి అది చాలు. కానీ పసుపుకు చిల్లేదో దారేదో తెలియదు. ఈ తేనెపట్టులో సందులన్నీ చిల్లులంతే సన్నం.

"క్రిస్మస్ వారంలో కింద మూల కారడం మొదలెట్టింది" అన్నారు ఆయన. "సుక్క సుక్కే. ఓసారి వేస్తే ఆగింది. మళ్ళీ వారానికి మళ్ళీ కారింది."

"నాకు చెప్పొచ్చుగా."

"సెప్తే నువ్వు రాస్తావు. నువ్వు రాస్తే ఇది సదువుద్ది. సదివి ఆ షాపోడికాడికి పంపించీసి కోయించీమంటాది. లేపోతే పేరే తీయించీమంటాది." గొంతు పెంచలేదు. "నాకు ఒక్కసారే ఉంది."

అమ్మాయి మగ్గు అందుకుని, "కారుతున్న రేడియేటరుతో, కనపడని కళ్ళతో, అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్దామనుకున్నావా డాడీ" అంది. "నేను ఫోన్ చేస్తా. చాలింక."

"కనపడుతున్నాయి" అన్నారాయన.

"కనపడుతున్నాయో లేదో డాక్టరు చెప్పాలి, మీరిద్దరూ కాదు" అన్నాను. "డాక్టరు ఏప్రిల్ దాకా సరేనన్నాడు. నీ షరతేమిటి? మరిగితే ఆపేస్తానన్నావు. మరగలేదు. తొంభై అయిదు దగ్గర ఆగింది. షరతు మధ్యలో మార్చకు."

"అమ్మా, నువ్వు కూడానా?"

"నాకు రెండు శనివారాలివ్వు. ఎంత కారుతోందో కొలుస్తాను. కొలిచాక కూడా వద్దంటే నేనే ఫోన్ చేస్తాను."

అమ్మాయి మగ్గును తొట్టిలో బోర్లించి, ఖాళీ గ్లాసులు ఏరుకుని వెళ్ళింది. ఫోన్ చేయలేదు.

ఆ రోజు నీళ్ళు ఎర్రబడ్డం ఆగేదాకా కడిగి, తర్వాత మంచినీళ్ళు చాలాసార్లు పంపాను. మా ఆయన బకెట్లు అందిస్తూనే ఉన్నారు. నేను ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. నా చేత వారాల తరబడి తప్పుడు కొలతలు కొలిపించారన్న కోపం ఇంకా ఉంది. ఆయనకూ అది తెలుసు. సాయంత్రం బస్సులో నా సంచీ తనే పట్టుకున్నారు.

పసుపు పోయింది కాబట్టి కారుడు మొదలైంది. కింద ఎడమ మూల నుంచి సన్నగా, తెంపు లేకుండా. కానీ తేడా యాభై ఒకటికి దిగింది. అంత తక్కువ ఎప్పుడూ రాలేదు. ఇక మిగిలింది నీళ్ళ లెక్క. పంపు లేని బండి గనుక, రేడియేటరు పైతొట్టిలో నీరు పైగొట్టం మూతి కంటే కిందికి దిగిందంటే తిరుగుడు తెగిపోతుంది. తెగితే ఎంత మంచి రేడియేటరైనా పనికిరాదు. నిండా పోసి, గొట్టం మూతి దాకా వంపి చూశాను, లీటరున్నర పట్టింది. అరగంట ప్రయాణానికి కారేది లీటరు. సగం దారిలో చువా చూ కాంగ్‌లో ఆగి నింపితే చాలు. వేడెక్కిన ఇనుములో చన్నీళ్ళు పోస్తే ఇంజను పగులుతుంది, అందుకని ఫ్లాస్కుల్లో వేడినీళ్ళు పట్టుకెళ్ళాలి. ఇంకో సంగతి కూడా తేలింది. వేడి పెరిగాక ఇంజను ఆర్పేస్తే ఫ్యాను ఆగి వేడి ఇంకో నాలుగు డిగ్రీలు పెరుగుతుంది. బండిని గాలికి ఎదురుగా నిలిపి, ఇంజనును కాస్త ఎక్కువ తిరగనిస్తే తగ్గుతుంది.

ఇదంతా అమ్మాయికి కాగితం మీద చూపించాను. అది బ్యాంకులో అప్పులు పరిశీలించినట్టు చదివింది. "తొంభై ఆరు వస్తే ఎక్కడున్నా ఆపాలి" అంది. "నేను వెనక నా కారులో వస్తా. నంబరు అమ్మ చెప్తుంది. డాడీ ఆర్గ్యూ చేయకూడదు."

"సరే" అన్నారు ఆయన.

మార్చిలో ఆ ఆదివారం పొద్దున క్రాంజీలో బయల్దేరినప్పుడు గాలి ముప్పై. మా ముందు పద్నాలుగు బండ్లు. యూ టీ దాటేటప్పటికి పైనీరు ఎనభై ఒకటి. మా బ్లాక్ వాళ్ళు ఇద్దరు బస్ స్టాపులో నిలబడి చెయ్యి ఊపారు. మా ఆయన చెయ్యి ఊపలేదు, రెండు చేతులూ చక్రం మీదే ఉన్నాయి. చువా చూ కాంగ్‌లో ఆగి ఒక ఫ్లాస్కు పోశాం. లీటరుకు కొంచెం తక్కువే పట్టింది. నా లెక్క సరిపోయింది. అమ్మాయి తన కారులోంచి బొటనవేలు చూపింది.

అక్కణ్ణుంచి పావుగంటలో ఎత్తు దగ్గరికి చేరాలి. కానీ ముందు ఒక బండి చక్రం గాలి పోయి వరుసంతా ఆగింది. పావుగంటకు పైగా కదలలేదు. ఎండ ఎక్కింది, గాలి ముప్పై మూడు అయింది. మేము ఆగి ఉన్నా కారుడు ఆగదు గదా. ఆగిన సమయాన్ని నేను లెక్కలో వేసుకోలేదు.

కదిలాక ఎత్తు మొదట్లో ఎనభై ఎనిమిది. ఆయన గేరు తగ్గించారు. తొంభై. నడిమధ్యలో తొంభై రెండు. నిరుడు చెయ్యి కాలిన చోటు దాటాం. పైన సిగ్నలు ఎర్రబడింది. దాని తర్వాత దిగుడే, రైలు వంతెన దూరంగా కనపడుతోంది. దిగుడు దాటితే జురాంగ్ ఈస్ట్.

"ఎంత?"

"తొంభై మూడు."

సిగ్నలు మారదు. తొంభై నాలుగు. వెనక బస్సు వేడిగాలి వదులుతోంది. తొంభై అయిదు. ఆయన మెడ మీద చెమట కాలరులోకి దిగుతోంది. సిగ్నలు ఆకుపచ్చ అయింది, అప్పుడే అంకె మారింది.

"ఎంత?" అన్నారు, క్లచ్చి వదులుతూ.

దిగుట్లో గాలి తగిలి అదే తగ్గుతుందేమో. తగ్గకపోతే అక్కడ ఆపడానికి చోటు లేదు. ఆయన నా ముఖం చూడలేరు. నేనేం చెబితే అది.

"తొంభై ఆరు" అన్నాను.

"సరిగ్గా సూశావా?"

"చూశాను."

ఆయన ఎడమ దీపం వేసి, సిగ్నలు దాటగానే ఉన్న పక్కదారిలోకి తిప్పి, రెయిన్ ట్రీ కింద గాలికి ఎదురుగా ఆపారు. మా వెనక బండ్లన్నీ మమ్మల్ని దాటి దిగుడులోకి వెళ్ళిపోయాయి. ఎవరో హారను కొట్టి అరిచారు, వేళాకోళమో పలకరింపో తెలియలేదు.

ఇంజను ఆర్పలేదు. ఇంజను వేగం పెంచే చేతిమీట కాస్త తిప్పారు. తగ్గాలి. తగ్గలేదు. తొంభై ఏడు. కిందిగొట్టం అంకె చూశాను, నలభై తొమ్మిది, ఇంకా పడుతోంది. కింద నీరు చల్లబడిపోయి కదలడం లేదు. తిరుగుడు తెగింది.

"నీళ్ళు గొట్టం కిందికి దిగిపోయాయి" అన్నాను. "మూత తీసి పోయాలి."

"తీయకు" అన్నారాయన. "నేను తీస్తా." కాలిన చెయ్యి చూస్తూనే దిగబోయారు.

"మీరు మీట వదిలితే ఇంజను ఆగుతుంది. కూర్చోండి."

అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, డోంట్. నిరుడు డాడీ చెయ్యి చూశావు కదా."

"నిరుడు అది మరిగింది. ఇది తొంభై ఏడు. నూరు కాకుండా చిమ్మదు" అన్నాను. అలా అన్నాను గానీ, మూడు వైర్లూ ఇంట్లో గిన్నెలో నూరు చూపించాయన్నదే నాకున్న ధైర్యం. మందపాటి తువ్వాలు నాలుగు మడతలు వేసి మూత మీద పెట్టి, ముఖం పక్కకు తిప్పి, పావు వంతు తిప్పాను. బుస్సుమంది. ఆగాను. మళ్ళీ తిప్పాను. ఆవిరి తువ్వాలు లోంచి వేళ్ళకు తగిలింది. మూత ఊడింది. లోపల నీళ్ళు చీకట్లో ఎక్కడో కిందున్నాయి.

అమ్మాయి ఫ్లాస్కు మూత తీసి పట్టుకుంది. "మెల్లగా, లోపలి గోడ మీంచి జారేలా పొయ్యి" అన్నాను. మొదటి ఫ్లాస్కు అయిపోయింది. రెండోది సగంలో గుడగుడమని లోపల ఏదో కదిలింది. బండి చుట్టూ తిరిగి వెళ్ళి సీటు మీద పడి ఉన్న డబ్బా తీశాను.

"కింద యాభై ఎనిమిది" అన్నాను. "అరవై నాలుగు."

"పైన?" అన్నారు ఆయన, రోడ్డు వైపే చూస్తూ.

"తొంభై అయిదు. తొంభై ఒకటి. కింద డెబ్బై."

అమ్మాయి ఖాళీ ఫ్లాస్కును గుండెకు ఆనించుకుని నిలబడింది. ఎనభై ఆరు అనేదాకా ఆగి, "గో లా డాడీ" అంది. "స్లోగా వెళ్ళు. నేను వెనకే ఉన్నా."

దిగుడు మెల్లగా దిగాం. రైలు వంతెన కింద నుంచి పోతుంటే పైన రైలు వెళ్ళింది, చప్పుడుకు ఇంజను వినపడక ఆయన అంకె అడిగారు. ఎనభై నాలుగు అన్నాను. జురాంగ్ ఈస్ట్‌లో కార్ పార్కు గేటు దగ్గర నారింజ జాకెట్టు వేసుకున్నాయన అప్పటికే బండ్ల నంబర్ల అట్టలు సర్దుకుంటున్నాడు. మా బండి చూసి మళ్ళీ జెండా తీసి ఊపాడు. చివరి గడి ఖాళీగా ఉంది. మా ఆయన దాన్ని దాటి ముందుకు పోయి, బండి వెనక్కి తీయడానికి పక్కకు చూడాల్సి వచ్చినప్పుడు ఆగి, "ఎడం పక్క ఎంత ఉంది?" అన్నారు. ఆయనకు ఆ పక్క కనపడదు.

"రెండు అడుగులు" అన్నాను. "ఒకటిన్నర. ఒకటి. చాలు."

ఇంజను ఆర్పారు. ఆర్పాక వేడి కాసేపు పెరుగుతుందని ఇద్దరికీ తెలుసు, కాబట్టి దిగలేదు. ఎనభై తొమ్మిది దాకా వెళ్ళింది. అక్కడ చాలాసేపు నిలిచింది. ఆయన చేతులు చక్రం మీదే ఉంచుకుని ఒక్కొక్క అంకెనూ అడుగుతూ ఉన్నారు, నేను చెబుతూ ఉన్నాను. తగ్గడం మొదలయ్యాకే ఇద్దరం కిందికి దిగాం.